జతలో ఒకటే ఎందుకు దిగిపోతోంది: చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు కర్మాగారంలోని జనరేటర్ బ్యాటరీల కేసు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు కర్మాగారాలకు ఏడాదిలో అసలైన పని ఉండేది తోతాపురి కాయ దిగే కొద్ది నెలలే. ఆ నెలల్లో కరెంటు పోయినా గుజ్జు లైను ఆగకూడదు కాబట్టి జనరేటర్ వెంటనే అందుకోవాలి. మిగతా కాలమంతా ఆ జనరేటరూ, దాన్ని తిప్పే బ్యాటరీలూ దాదాపు ఊరికే ఉంటాయి. బ్యాటరీల మరమ్మతు పని చేసే నాకు ఇలాంటి చోట్ల దొరికే సమాచారం రోజూ తిరిగే లారీ బ్యాటరీల్లో దొరకదు. లారీలో ఆల్టర్నేటర్ రోజూ ఛార్జింగ్ ఇస్తూ లోపలి నష్టాన్ని కప్పిపుచ్చుతుంది, ఊరికే పడి ఉన్న బ్యాటరీలో ఆ నష్టం లెక్కకు చిక్కుతుంది.

ఈ కర్మాగారంలో జనరేటర్ స్టార్టర్ 24 వోల్టులది. దానికి 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీలు రెండు వరుస కలుపులో (సిరీస్‌లో) ఉన్నాయి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే తయారీ నెలవి, మూతలు తీసి నీళ్లు పోసుకునే రకం. సీజను అయ్యాక ఆ షెడ్డుకు కరెంటు కట్టేస్తారు కనుక గోడకున్న చిన్న ఛార్జరు కూడా పనిచేయదు. రెండు నెలలు పోయాక చూస్తే మొదటి బ్యాటరీ బాగానే ఉంటోంది, రెండోది మాత్రం స్టార్టరును తిప్పలేకపోతోంది. ఛార్జింగ్ పెడితే మళ్లీ లేస్తుంది, వదిలేస్తే మళ్లీ పడుకుంటుంది. జనరేటర్ ఆపరేటరు మాటల్లో చెప్పాలంటే, "రెండూ ఒకే దినం కొనింది సార్. ఒకటి రాయి మాదిరి ఉండాది, ఇంకొకటి దండగ." అంతకుముందు చూసిన మెకానిక్కు ప్లేట్లు సల్ఫేట్ పట్టాయని, అంటే వాటి మీద సీసపు సల్ఫేటు గట్టిపడి ఛార్జి నిలవడం లేదని చెప్పి కొత్తది కొనమన్నాడట. సల్ఫేట్ పట్టిన మాట నిజమే కావచ్చు. కానీ ఒకే గదిలో, ఒకే కరెంటు నడిచిన జతలో ఒక్కదానికే అది ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు ఆ మాటలో జవాబు లేదు.

కొలతలు

రెండింటినీ విడదీసి, విడివిడిగా నిండా ఛార్జి చేసి, ఒక్కో బ్యాటరీలోని ఆరు సెల్లుల్లో ప్రతిదానిలోనూ ఆమ్లం గ్రావిటీ, అంటే నీటితో పోలిస్తే అది ఎంత బరువో, హైడ్రోమీటరుతో చూశాము; ఛార్జి దిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది. గది వేడి 37 డిగ్రీలు. మన దేశంలో గ్రావిటీని 27 డిగ్రీల లెక్కకు సరిచేసుకుంటాం, డిగ్రీకి 0.0007 చొప్పున పది డిగ్రీలకు 0.007 కలపాలి. ఎండాకాలంలో రాయలసీమలో ఈ సవరణ చేయకుండా హైడ్రోమీటరు చదివితే మంచి సెల్లు కూడా బలహీనంగా కనిపిస్తుంది. సవరణ తర్వాత మొదటి బ్యాటరీలో ఆరు సెల్లులూ 1.250కి అటూ ఇటూగా ఉన్నాయి. రెండోదానిలో పాజిటివ్ టెర్మినల్ వైపు నుంచి లెక్కపెడితే 2, 5, 6 సెల్లులు అలాగే ఉన్నాయి. 3, 4 సెల్లులు 1.245 దగ్గర, ఒకటో సెల్లు 1.238 దగ్గర నిలిచాయి. ఇంత చిన్న తేడాతో ఏదీ తేల్చలేం.

అందుకని ఏ లోడూ లేకుండా రెండు వారాలు వదిలేసి మళ్లీ చూశాము. మంచి సెల్లులు ఆరేడు పాయింట్లు తగ్గాయి (గ్రావిటీలో 0.001 ఒక పాయింటు). ఆ వేడిలో, ప్లేటుకు చట్రంగా ఉండే సీసపు జాలీలో యాంటిమనీ అనే లోహం కొద్దిగా ఉన్న బ్యాటరీలో అది సహజమే. 3, 4 సెల్లులు ఇరవై పాయింట్ల దాకా, ఒకటో సెల్లు పాతిక దాకా పడిపోయాయి. ఒకే డబ్బాలో పక్కపక్కనే ఉన్న ఆరు సెల్లుల్లో మూడు క్షేమంగా, మూడు రోగంతో ఉంటే, ఛార్జరునో వాడకాన్నో వేడినో కారణంగా చూపడానికి వీల్లేదు; అవన్నీ ఆరింటికీ సమానమే. తేడా సెల్లు లోపలికి వెళ్లిన పదార్థంలో ఉండాలి.

తర్వాత ఛార్జింగ్ చివరి దశలో ఒక్కో సెల్లు వోల్టేజీ కొలిచాము. ఆమ్లంలో ముంచిన కాడ్మియం కడ్డీని కొలతకు ఆధారంగా పెట్టుకుని పాజిటివ్, నెగటివ్ ప్లేట్లను వేరువేరుగా కూడా చూశాము. కాడ్మియం కడ్డీ ఈ రోజుల్లో చాలా షాపుల్లో కనిపించడం లేదు. అది పాతకాలపు పద్ధతే అయినా, రెండు ప్లేట్లలో తప్పు దేనిదో అంత తేలికగా చెప్పే సాధనం నాకు మరొకటి తెలియదు. మంచి సెల్లు నిండా ఛార్జి అయి బుడగలు వదిలేటప్పుడు 2.6 వోల్టుల పైన ఉంటుంది. నెగటివ్ ప్లేటు కాడ్మియం కంటే సుమారు 0.2 వోల్టు కిందికి దిగుతుంది. 3, 4 సెల్లులు దాదాపు అలాగే ప్రవర్తించాయి. ఒకటో సెల్లు 2.4 దాటలేదు. దాని పాజిటివ్ ప్లేటు సరిగానే ఉంది, నెగటివ్ మాత్రం కాడ్మియంతో సమానంగా సున్నా దగ్గరే ఆగిపోయింది. ఛార్జింగ్ కట్టేసి చాలాసేపయ్యాక కూడా ఆ సెల్లులో సన్నటి బుడగలు లేస్తూనే ఉన్నాయి. అందరికంటే ఎక్కువ నీళ్లు అడిగేది ఆ సెల్లేనని ఆపరేటరు అప్పుడు గుర్తుచేసుకున్నాడు.

దిగిపోవడం మూడింటిలోనూ ఒకటే అయినా, రోగాలు రెండు అని అక్కడ తేలింది.

ఇనుము చేసే పని

3, 4 సెల్లుల ఆమ్లం కొద్దిగా తీసి, హైడ్రోజన్ పెరాక్సైడు చుక్కలు వేసి, పొటాషియం థయోసయనేట్ కలిపితే గాఢమైన ఎరుపు వచ్చింది. అది ఇనుము ఉందనడానికి గుర్తు. పెరాక్సైడు ఎందుకంటే, రెండు ధనావేశాల ఇనుము ఈ పరీక్షకు రంగు ఇవ్వదు. ముందు దాన్ని మూడు ఆవేశాల రూపంలోకి మార్చాలి. తెలిసిన గాఢత గల ద్రావణాలతో రంగు పోల్చి చూస్తే లీటరుకు 250 మిల్లీగ్రాముల దరిదాపులో ఉంది. పక్కనున్న 2, 5 సెల్లుల్లో రంగు లేత గులాబీని దాటలేదు.

ఇనుము ఇంత కొద్దిగా ఉండి అంత నష్టం ఎలా చేస్తుందో చెప్పాలంటే దాని రెండు రూపాలను గమనించాలి. సీసపు ఆమ్ల బ్యాటరీలో పాజిటివ్ ప్లేటు లెడ్ డయాక్సైడు, నెగటివ్ ప్లేటు మెత్తని సీసం. హైడ్రోజన్‌ను సున్నాగా తీసుకుంటే మొదటిది సుమారు 1.69 వోల్టుల దగ్గర, రెండోది మైనస్ 0.36 దగ్గర ఉంటాయి. ఇనుము ఒక రూపం నుంచి మరో రూపానికి మారే స్థాయి 0.77, అంటే ఆ రెండింటికీ నడుమ. కాబట్టి పాజిటివ్ ప్లేటును తాకిన ఇనుము అక్కడ ఒక ఎలక్ట్రానును వదిలి, లెడ్ డయాక్సైడును సల్ఫేటుగా మారుస్తుంది; ఆ తర్వాత ఆమ్లంలో ఈదుకుంటూ నెగటివ్ ప్లేటుకు చేరి అక్కడి సీసం నుంచి ఎలక్ట్రానును తీసుకుని, దాన్నీ సల్ఫేటుగా మార్చి, మొదటి రూపానికి వచ్చేస్తుంది. మళ్లీ పాజిటివ్ వైపు ప్రయాణం. తోడల్లుళ్ల మధ్య చాడీలు మోసే మనిషిలాగా రెండు పక్కలా నష్టం చేస్తూ తాను మాత్రం చెక్కుచెదరదు. బయట తీగ లేకపోయినా, స్విచ్చి కట్టేసి ఉన్నా, ఈ రాకపోకలతో రెండు ప్లేట్లూ సమానంగా దిగిపోతాయి. ఛార్జింగ్ పెట్టినప్పుడు కూడా ఇనుము ఇదే పని చేస్తూ కొంత కరెంటును వృథా చేస్తుంది కానీ, నెగటివ్ ప్లేటు మీద హైడ్రోజన్ పుట్టడాన్ని అంతగా సులభం చేయదు. అందుకే ఈ రెండు సెల్లుల్లో ఛార్జింగ్ చివరి వోల్టేజీ మామూలుగానే కనిపించింది. వోల్టుమీటరు ఒక్కటే చూసేవాళ్లకు ఈ సెల్లులు ఆరోగ్యంగానే ఉన్నట్టు లెక్క.

స్టార్టరు బ్యాటరీల్లో ప్లేట్లు పలచగా, ఎక్కువగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇనుము ఈదవలసిన దూరం తక్కువ, తాకే వైశాల్యం ఎక్కువ. అదే ఇనుము ఇన్వర్టరుకు వాడే గొట్టపు ప్లేట్ల బ్యాటరీలో ఉంటే ఇంత వేగంగా దించదు. వేడి పెరిగేకొద్దీ ఈ ఈత కూడా జోరందుకుంటుంది కాబట్టి, చిత్తూరు ఎండలో రేకుల షెడ్డు ఆ లోహానికి బాగా అనుకూలించిన చోటు.

ఇనుము ఎక్కడిది

ఈ ప్రశ్నకు కర్మాగారంలో అందరూ ఒకటే జవాబు చెప్పారు: బోరు నీళ్లు. డిస్టిల్డ్ వాటర్ క్యాను ఖాళీ అయినప్పుడు ఎవరో బోరు నీళ్లు పోసి ఉంటారని మేనేజరుగారి అనుమానం. మన ప్రాంతంలో బోరు నీటి మీద నేరం మోపడం సులువు. ఆ నీటి ఉప్పుదనం, గట్టిదనం మనకు తెలిసినవే. అయితే లెక్క వేస్తే ఆ అనుమానం నిలవదు.

ఇంత పెద్ద స్టార్టరు బ్యాటరీలో ఒక్కో సెల్లుకు దాదాపు 1.8 లీటర్ల ఆమ్లం పడుతుంది. లీటరుకు 250 మిల్లీగ్రాములంటే ఒక్కో సెల్లులో 450 మిల్లీగ్రాముల ఇనుము. గిన్నెల మీద ఎర్రటి చారలు పడేంత ఇనుము ఉన్న నీటిలో కూడా లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు ఉంటుంది. సెల్లుకు నెలకు 150 మిల్లీలీటర్లు పోశారనుకున్నా ఏడాదికి రెండు లీటర్ల లోపే. ఆ దారిన 450 మిల్లీగ్రాములు చేరాలంటే వంద సంవత్సరాలకు మించి పట్టాలి. పైగా నీరే కారణమైతే ఆరు సెల్లుల్లోనూ ఇనుము ఉండాలి, మొదటి బ్యాటరీలో కూడా ఉండాలి. బోరు నీళ్లు మంచివని నేను అనడం లేదు. వాటిలోని క్లోరైడు పాజిటివ్ జాలీని తినే గుణం గలది. ఈ కేసులో మాత్రం ఇనుమును తెచ్చింది అవి కావు.

తుప్పును తీసుకుంటే లెక్క వేరు. తుప్పులో బరువుకు సుమారు అరవై శాతం ఇనుమే. ముప్పావు గ్రాము తుప్పు పెచ్చు, అంటే చిటికెడంత, ఆమ్లంలో పడి కరిగితే మనకు కనిపించిన ఇనుమంతా వచ్చేస్తుంది. తల ఎత్తి చూస్తే రెండో బ్యాటరీకి సరిగ్గా పైన జనరేటరు సైలెన్సరు గొట్టం వంపు ఉంది. దాని చుట్టూ చుట్టిన పొర ఊడిపోయి, ఇనుము పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. జనరేటరు అదిరినప్పుడల్లా అవి రాలతాయి. 3, 4 సెల్లుల మూతలు ఎప్పుడో పోయి వాటి స్థానంలో గుడ్డపీలికలు కుక్కి ఉన్నాయి. నీళ్లు పోయడానికి గుడ్డ లాగినప్పుడు దాని మీద పేరుకున్నది లోపలికే పడుతుంది. మొదటి బ్యాటరీ గోడ పక్కన, వంపుకు దూరంగా ఉంది; దాని మూతలన్నీ భద్రంగా ఉన్నాయి. ఇంకొక సంగతి కూడా ఉంది. ఛార్జింగ్‌లో సెల్లుల నుంచి లేచే ఆమ్లపు తుంపర ఆ గొట్టాన్ని మరింత తినేస్తుంది, అంటే బ్యాటరీ తనకు చేటు తెచ్చే తుప్పును తానే తయారు చేయించుకుంటోంది.

నీళ్లు పోయడానికి వాడే రేకు గరాటు కూడా అక్కడే, డీజిల్ డబ్బా మీద బోర్లించి ఉంది. దాని మూతికి కూడా తుప్పు ఉంది. కానీ గరాటు అన్ని సెల్లులకూ వాడేదే కనుక 2, 5, 6 సెల్లుల్లోని కొద్దిపాటి ఇనుముకు అది కారణం కావచ్చు. 3, 4 లోని మోతాదుకు కాదు.

ఒకటో సెల్లు

ఒకటో సెల్లు ఆమ్లంలో ఇనుము పెద్దగా లేదు. రాగి కోసం అమ్మోనియా వేసి చూస్తే నీలం రంగు కూడా తేలలేదు. రాగి లేదని దీని అర్థం కాదు. రాగి సీసం కంటే సులభంగా లోహరూపానికి వచ్చే పదార్థం. ఛార్జింగ్‌లో ఆమ్లాన్ని వదిలి నెగటివ్ ప్లేటు మీద పూతలా పరుచుకుంటుంది. ఛార్జి అయిన బ్యాటరీ ఆమ్లంలో రాగిని వెతకడం దొంగ వెళ్లిపోయాక వాకిలి కాపలా కాయడమే. ప్లేటు ఏం చెబుతోందో వినాలి. కాడ్మియం కడ్డీ చెప్పింది అదే.

సీసపు ఆమ్ల బ్యాటరీ అసలు పనిచేయడమే ఒక విచిత్రం మీద ఆధారపడి ఉంది. సీసం ఆమ్లంలో హైడ్రోజన్‌ను వదిలి కరిగిపోవలసిన లోహమే, కానీ దాని ఉపరితలం మీద హైడ్రోజన్ బుడగ పుట్టడం చాలా కష్టం. ఆ కష్టమే బ్యాటరీని కాపాడుతుంది. నెగటివ్ ప్లేటు మీద హైడ్రోజన్ సులభంగా పుట్టే మరో లోహం చేరితే ఆ కాపుదల పోతుంది. చుట్టూ ఉన్న సీసం సల్ఫేటుగా మారుతూ ఉంటుంది, ఆ లోహపు మచ్చల మీద హైడ్రోజన్ లేస్తూ ఉంటుంది, నీరు తగ్గుతూ ఉంటుంది. నికెల్, కోబాల్ట్, టెల్లూరియం ఈ విషయంలో అతి తక్కువ మోతాదులోనే హాని చేస్తాయి. ప్లాటినం గురించి చెప్పనే అక్కర్లేదు. యాంటిమనీ మన సొంత ఇంటిదే, పాజిటివ్ జాలీ తుప్పు పట్టేకొద్దీ అందులోంచి కరిగి నెగటివ్‌కు చేరుతుంది. పాత బ్యాటరీలు ఏటేటా ఎక్కువ నీళ్లు తాగడానికి ముఖ్య కారణం అదే, జాలీల్లో యాంటిమనీని తగ్గించి కాల్షియం వైపు తయారీదారులు మళ్లడానికి కూడా అదే కారణం. రాగి వీటంతటి తీవ్రమైనది కాకపోయినా మోతాదు పెరిగితే ఇదే పని చేస్తుంది. 

ఒకటో సెల్లుకు యాంటిమనీ కారణమైతే ఆరు సెల్లులకూ అదే గతి పట్టాలి, జాలీలన్నీ ఒకే పోతవి కనుక. ఆ సెల్లుకు ప్రత్యేకమైనది ఒకటే: పాజిటివ్ టెర్మినల్ పక్కన ఉండడం. ఆ టెర్మినల్‌కు బిగించిన రాగి తీగ కొసకు సీసపు పూత లేదు; నీలం, ఆకుపచ్చ కలిసిన చిలుము దాని మీద గడ్డ కట్టి ఉంది. అది ప్రధానంగా రాగి సల్ఫేటు, నీటిలో ఇట్టే కరుగుతుంది. మొదటి బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు ఉన్నది సీసపు క్లాంపు, దాని మీద చిలుము లేదు. ఆపరేటరును అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు: "నీళ్లు పోసేదానికి మూతలు తీస్తాం గదా సార్, అప్పుడే వేడినీళ్లతో టెర్మినల్ కూడా కడిగేస్తాం." శుభ్రం చేస్తున్నానన్న నమ్మకంతోనే చేసిన పని. చిలుము కరిగిన ఆ నీలం నీళ్లు పక్కనే తెరిచి ఉన్న ఒకటో సెల్లులోకి జారిపోయాయి.

చికిత్స, దాని హద్దు

రోగం పేరు తెలిశాక చికిత్స ఎంతవరకు పనిచేస్తుందో ముందే ఊహించవచ్చు. ఇనుము ఎక్కువగా ఆమ్లంలోనే కరిగి ఉంటుంది కాబట్టి ఆమ్లం మారిస్తే పోవాలి. రాగి నెగటివ్ ప్లేటు మీద పూతగా ఉంటుంది కాబట్టి ఆమ్లం మార్చినా పోకూడదు. యజమాని ఒప్పుకున్నాక ఈ తేడాను పరీక్షించడానికే మూడు సెల్లులకూ ఒకే చికిత్స చేశాము.

ముందు బ్యాటరీని 7.5 ఆంపియర్లతో 10.5 వోల్టుల దాకా దించాము. ఛార్జి అయిన నెగటివ్ ప్లేట్లకు గాలి తగిలితే మెత్తని సీసం వేడెక్కి పాడవుతుంది, అందుకే దించకుండా ఆమ్లం తీయకూడదు. తర్వాత రబ్బరు బల్బుతో ఆమ్లాన్ని పీల్చి తీశాము. చాలామంది బ్యాటరీని తలకిందులు చేసి కుమ్మరిస్తారు. అడుగున పేరుకున్న మడ్డి ప్లేట్ల నడుమకు చేరితే సెల్లు షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది కనుక నేను దానికి వ్యతిరేకిని. ఖాళీ అయిన సెల్లులో ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసి నిలవ ఉంచడం కూడా మంచిది కాదు. దిగిన ప్లేట్లలోని సీసపు సల్ఫేటు పలచని నీటిలో ఎక్కువగా కరిగి, ఛార్జింగ్‌లో ప్లేట్లను వేరుచేసే సెపరేటర్ల గుండా సీసపు పోగులుగా పెరుగుతుంది. 1.100 గ్రావిటీ గల పలచని ఆమ్లం పోసి, తక్కువ కరెంటుతో ఛార్జి చేసి, ప్లేట్ల రంధ్రాల్లోని ఇనుము బయటికి రావడానికి సమయమిచ్చి, మళ్లీ దించి, మళ్లీ పీల్చి తీసి, చివరికి బ్యాటరీకి తగిన శుద్ధమైన ఆమ్లం పోశాము. ప్రతిసారీ మూడో వంతు పాత ఆమ్లం ప్లేట్లలోనూ సెపరేటర్లలోనూ ఉండిపోతుంది కనుక రెండు మార్పిళ్ల తర్వాత ఇనుము తొమ్మిదో వంతుకు రావాలి. 3, 4 సెల్లుల్లో లీటరుకు 30 మిల్లీగ్రాముల దగ్గరికి వచ్చింది. తీసిన ఆమ్లాన్ని సున్నంతో విరిచాకే పారబోశాము.

మళ్లీ రెండు వారాల విశ్రాంతి తర్వాత 3, 4 సెల్లులు తొమ్మిది పాయింట్ల దగ్గర ఆగాయి, అంటే మంచి సెల్లుల కంటే ఒక పిసరు ఎక్కువ. ఒకటో సెల్లు మునుపటిలాగే పాతిక పాయింట్లు దిగింది. దాని ఛార్జింగ్ చివరి వోల్టేజీ 2.4 దాటనే లేదు. అంగళ్లలో బ్యాటరీలో పోయమని అమ్మే సీసాల మందు సంగతి యజమాని అడిగారు. సెల్లులోకి ఏం పోసినా అక్కడున్న లోహం బయటికి రాదని చెప్పి ఆ ఆలోచన మాన్పించాను.

ఆరు సెల్లులూ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో అతికి ఉండే ఈ రకంలో ఒక్క సెల్లును మార్చే వీలు లేదు. రెండు సెల్లులు బాగుపడినా మూడోదాని వల్ల బ్యాటరీని వదులుకోవలసి వచ్చింది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం దాన్ని అనుమతి ఉన్న పునర్వినియోగ సంస్థకే చేర్చాలి, చేర్చాము. ఇచ్చే ముందు ఒకటో సెల్లు పైభాగం కోసి చూశాము. నెగటివ్ ప్లేట్ల పై అంచుల మీద, వాటిని కలిపే సీసపు పట్టీ మీద ఎర్రటి జీర స్పష్టంగా ఉంది. పాజిటివ్ ప్లేట్ల మీద లేదు.

కొత్తదాన్ని పాతదానితో జత కట్టడం నాకు ఇష్టం లేదు, ఛార్జింగ్ తీసుకునే తీరు రెండింటికీ వేరుగా ఉంటుంది. అందుకని కొత్త జత కొనిపించి, మంచిగా ఉన్న పాత బ్యాటరీని కాంపౌండులోని 12 వోల్టుల చిన్న జనరేటరుకు మార్చాము. బ్యాటరీల చోటు సైలెన్సరు వంపు కిందినుంచి గోడ పక్కకు జరిగింది, గొట్టానికి మళ్లీ పొర చుట్టారు. రేకు గరాటు పోయి ప్లాస్టిక్ సీసా వచ్చింది. తీగ కొసలకు సీసపు క్లాంపులు వేసి పెట్రోలియం జెల్లీ పూశారు. టెర్మినల్ కడగాలంటే ముందు మూతలన్నీ బిగించాలి, తడిగుడ్డతో తుడిచి ఆరాకే మూత తీయాలి అని ఛార్జరు పక్కన గోడ మీద రాయించాము. కొన్న ప్రతి డిస్టిల్డ్ వాటర్ క్యానును పెన్నులాంటి చిన్న మీటరుతో చూసి, వాహకత (నీటిలో లవణాలు కరిగేకొద్దీ పెరిగే అంకె) సెంటీమీటరుకు 10 మైక్రోసీమెన్స్ దాటితే వాడకూడదని మేం హద్దు పెట్టుకున్నాము. షెడ్డుకు కరెంటు కట్టేసే నెలల్లో కూడా గ్రావిటీ పుస్తకంలో ఆరు సెల్లులకు ఆరు గడులు గీసి, సెల్లుల వారీగా రాయమని ఆపరేటరుకు అప్పగించాము. బ్యాటరీకి ఒకే అంకె రాస్తే పై కథలో ఒక్క ముక్క కూడా బయటపడి ఉండేది కాదు.